మిరపకాయల గదిలో నేను

పంతొమ్మిది వందల అరవైల్లో గురజాల దగ్గర ఓ పల్లెకు నేను కాపురానికి వచ్చిన కొత్త. విదేశీ సాయంతో సర్కారు మా పెరట్లో మరుగుదొడ్డి కట్టించింది. మామయ్య అందులో ఎండుమిరపకాయల బస్తాలు వేశారు.

ఓ మధ్యాహ్నం బ్లాకు ఆఫీసరు, ఒక తెల్లదొర మరుగుదొడ్డి వాడుతున్నామో లేదో చూడ్డానికి నేరుగా పెరట్లోకే వచ్చారు. వాళ్ల కంట పడకూడదని ఆ గదిలో దూరి గడియ పెట్టుకున్నాను.

"ఏంది పెద్దాయనా, తలుపు రాదే?" అన్నాడు ఆఫీసరు.

బస్తాలు బయటపడతాయని మామయ్య, "లోపల మా కోడలుందయ్యా" అన్నారు.

ఆఫీసరు అది ఇంగ్లీషులో చెబితే దొర ఎంతో మురిసిపోయి, ఫోటో కోసం ఆగుతానన్నాడట. బయట మగవాళ్లు, లోపల ఘాటు. నోట్లో కొంగు కుక్కుకున్నా దగ్గు ఆగలేదు. చివరికి కళ్లనీళ్లతో బయటపడి, వెనకే తలుపు మూశాను. దొర చప్పట్లు కొట్టి ఫోటో తీశాడు.

మరుగుదొడ్డి వాడుతున్న ఇల్లాలిగా నా ఫోటో ఏ దేశం చేరిందో తెలియదు. నేను మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు చీకటితోనే చెంబు పట్టుకొని ఊరి బయటికే వెళ్లాను.