రాజమణి టీచరమ్మ రెండో సాక్ష్యం

ఆరోగ్య వారమని మా ఆఫీసులో మర్దన కుర్చీలు తెచ్చి పెట్టారు. ముఖం ఆనించడానికి నడుమ ఖాళీ ఉన్న మెత్తటి దిండు ఒకటి ఉంది. అందులో ముఖం పెట్టగానే కొత్త రెక్సిన్ వాసన ముక్కుకు తగిలింది. కింద నేల, ఎవరివో బూట్లు తప్ప ఏమీ కనిపించలేదు. వరుసలో నిలబడ్డ అమ్మాయిలు ఏదో అని నవ్వుతున్నారు. నాకు మాత్రం రాజమణి టీచరమ్మ గుర్తొచ్చింది.

కొత్తగూడలోని మా చిన్న క్రైస్తవ సంఘంలో ఆదివారం బడి పిల్లలకు వాక్యం నేర్పింది ఆమే. వచనం గడగడా అప్పజెప్పి మెప్పు కోసం చూస్తే, "నోటికొచ్చింది, మంచిదే. నీకేం సమజైందో జర చెప్పు బిడ్డా" అనేది. నాకు అర్థమైందేదో, కానిదేదో విడదీసుకోవడం ఆమె దగ్గరే అలవాటైంది. ఈ రోజు నేను మోకరించి చేసే ప్రార్థనలో ఏ కాస్త నిజం ఉన్నా, అది ఆమె పెట్టిన భిక్షే.

ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే గాయమై పోయింది. మిగిలిన కుడి కంట్లో ఒకనాడు నల్లటి తెర దిగినట్టయింది. కంటి వెనుక చూపునిచ్చే పొర, రెటీనా, ఊడిందని కంటి ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి ఆ పొరను దాని చోట అతికించి, కదలకుండా పట్టి ఉంచడానికి కంటి లోపల సిలికాన్ నూనె నింపింది, కొన్ని నెలలకు దాన్ని తీసేయాలని ముందే చెప్పింది. నూనె పైకి తేలుతుంది కనుక అది వెనుక పొరను ఒత్తి ఉంచాలంటే టీచరమ్మ కొన్నాళ్లు ముఖం కిందికే పెట్టుకొని ఉండాలి. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్లేదాన్ని. మంచం చివర తల వేలాడేసుకొని బోర్లా పడుకొని ఉండేది.

"గ్రేసీ, నీ చెప్పులు జర కడుగే. నాకు గవే కనబడుతున్నయి" అంది ఒకసారి. ఇంకోసారి తనే నవ్వుకుంది. "పిల్లలను తలెత్తి చదవమని కొట్టిన. ఇప్పుడు డాక్టరమ్మ నన్ను తలెత్తకు అంటుంది."

చూపు కొంత వచ్చింది. మసకే అయినా, పెద్దక్షరాల బైబిలు కళ్లద్దాలతో చదవగలిగింది. ఆదివారం, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పే సాక్ష్యాల సమయంలో లేచి, "దేవుడు నా కన్ను బాగుచేసిండు" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తుతించింది. పాస్టరు అయ్యగారు ఆ సాక్ష్యాన్ని వేరే సంఘాల్లోనూ చెప్పించారు. కొన్ని నెలలకు, నూనె తీసేయాలి రమ్మని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "బాగైన కన్ను మళ్లా కోపిచ్చుకుంటవా టీచరమ్మా? దేవుడు సగం పని చేస్తడా?" అన్నారు సంఘంలోని ఆడవాళ్లు. ఆమె వెళ్లలేదు. అన్ని చోట్ల సాక్ష్యం చెప్పి, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కడం దేవుణ్ణి అవమానించినట్టని అనుకుంది. పరీక్షలకు వెళ్లడమూ మానేసింది.

తర్వాత కనుబొమ్మ మీద నొప్పి మొదలైంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. వాంతులయ్యాక ఇక ఆగలేక నేనే ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కోప్పడలేదు. "నూనె ఎక్కువ కాలం ఉంటే చిన్న చిన్న బిందువులుగా విడిపోతుందండీ. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుంటుంది. ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటోంది. శుక్లం కూడా వచ్చింది" అంది.

"నూనె తీస్తే పొర మళ్లా ఊడుతదా?" అని టీచరమ్మ అడిగింది.

"ఊడొచ్చండీ. ఊడదని మాట ఇవ్వలేను. ఉంచితే మాత్రం ఉన్న చూపూ పోతుంది."

టీచరమ్మకున్నది ఆ ఒక్క కన్నే. అయినా, "తీయుండ్రి" అంది. ఒత్తిడి తగ్గే మందులిచ్చి, వారం తిరగకుండా ఆపరేషన్ పెట్టారు. దానికి ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది. నొప్పిలో ఎందుకని వారించినా వినలేదు. నా చెయ్యి పట్టుకొని లేచి నిలబడింది.

"నేను చెప్పిన సాక్ష్యం సగమే. నా కంట్ల నూనె ఇంక ఉన్నది. దాన్ని తీపిచ్చుకోవాలె అని తెలిసి కూడ సాక్ష్యంల చెప్పలే. డాక్టరమ్మ చేతిని దేవుని పేరు ఎనక దాచిన."

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు తల వంచుకున్నారు. వెనుక నుంచి ఎల్లిశమ్మ అనే ముసలామె అడిగింది: "అయితే దేవుడు బాగుచెయ్యలేదా టీచరమ్మా?"

"చేస్తుండు. నేనే తొందరపడి అయిపోయిందన్న."

బయటికొచ్చాక ఎల్లిశమ్మ నా కొంగు పట్టుకుంది. ప్రార్థనలో నయమైందని షుగర్ గోలీలు మానేసిందట. "రేపు నన్ను గూడ దవాఖానకు తీస్కపోతవా? ఎవరికి చెప్పకు" అంది.

నూనె తీశారు. పొర నిలిచింది. శుక్లమూ తీశారు. కానీ ఒత్తిడికి దెబ్బతిన్న నరం కోలుకోలేదు. ఎదురుగా పట్టుకున్న పేజీ కనిపించేది, పక్కన కూర్చున్న మనిషి కనిపించేవాడు కాదు. అలాగే బతికినన్నాళ్లూ పిల్లలకు వాక్యం చెప్పింది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక సంఘంలో సాక్ష్యాలు నడిపించే పని నాకు వచ్చింది. దేవుడు స్వస్థపరుస్తాడని ఆమెలాగే నేనూ నమ్ముతాను, రోజూ అడుగుతాను. ఎవరైనా నయమైందని సంతోషంగా లేస్తే, కూర్చునే ముందు ఒక మాట అడుగుతాను: "మందులు వాడుతున్నావా అక్కా? డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? అదీ చెప్పు, అందరం దాని కోసం కూడా ప్రార్థన చేద్దాం."

కొందరు నొచ్చుకుంటారు. ఇంకొందరు సంచిలో వెతికి, డాక్టరు రాసిన చీటీ తీసి చదువుతారు. అప్పుడు సంఘమంతా గట్టిగా ఆమెన్ అంటుంది.