రంగు వెలిసిన జినువాయి

ముందే ఒప్పుకుంటాను, నాకు కోతలు కోసే అలవాటుంది. నేను చూసిన పాము జానెడైతే ఇంటికొచ్చేసరికి బారెడవుతుంది, రెండోసారి చెప్పేటప్పుడు దానికి పడగ మొలుస్తుంది. కాబట్టి ఎంత తీసెయ్యాలో చదువుతూ మీరే తీసేసుకోండి. ఏది కల్పించానో చివర్లో నేనే చెబుతాను. ఆ రోజుల్లో, అంటే మీసం కంటే ధీమా దట్టంగా ఉన్న రోజుల్లో, నేను రెంటచింతలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు మాస్టారిని. (అక్కడి ఎండ సంగతంటారా, మధ్యాహ్నం పూట కాకులు ఒకదాని నీడలో ఒకటి ఎగిరేవి.) అద్దెకున్నది మిషన్ ఖాలా ఇంటి ముందుగదిలో. ఖాలా అంటే పిన్ని; సగం ఊరి జాకెట్లు ఆవిడే కుట్టేది కాబట్టి మిషన్ ఖాలా. కూతురికి పెళ్ళయ్యాక ఒక్కతే ఉండేది. రెండు పూటలా నా కిటికీలోంచి ఒక గ్లాసు టీ అందించేది. ఆ టీ కోసమే ఆ ఎండను భరించానంటే అది మాత్రం కోత కాదు.

ఆ వానాకాలం ఖాలా ఇంటికి ఒక జినువాయి పిట్ట వచ్చింది. కాలవ గట్టున గడ్డి కోసే ఒకావిడ పట్టి తెచ్చింది. (అడవి పిట్టను పంజరంలో పెట్టడం తప్పని ఇప్పుడు తెలుసు, అప్పుడు మా వీధిలో ఎవరికీ తెలియదు.) పిచ్చుకలో సగం ఉండేది. ఒళ్ళంతా పండుమిరప ఎరుపు, రెక్కల మీదా పక్కల మీదా తెల్లటి చుక్కలు, ఎవరో ముగ్గు చేత్తో విదిలించినట్టు. పొట్టి ముక్కూ ఎరుపే. కొర్రగింజను నోట్లో ఒక్క తిప్పు తిప్పితే పొట్టు ఇవతలికి, పప్పు లోపలికి; మా ఊరి మిల్లు కూడా అంత శుభ్రంగా ఆడేది కాదు. ఖాలా మిషన్ తొక్కగానే మెడ ఒక పక్కకి వాల్చి సన్నగా కూసేది. ఎర్రగా ఉందని ఆవిడ దాన్ని లాల్ అని పిలిచేది.

కార్తీకంలో కూతురి కాన్పుకని నరసరావుపేట వెళుతూ ఖాలా పంజరం నా చేతిలో పెట్టింది. "ఏమయ్యా మాస్టారూ, నీ మాటలు ఎప్పుడూ నమ్మలేదుగానీ నిన్ను నమ్మి పోతన్నా. నా లాల్ జాగర్త."

నెల తిరక్కుండానే లాల్ వెలవడం మొదలైంది. ముందు వీపు, తర్వాత రొమ్ము. రోజుకో ఎర్ర ఈక రాలేది. నేను ఏరి రికార్డు పుస్తకంలో దాచేవాణ్ణి. చివరికి ముక్కూ, తోక మొదలూ తప్ప పిట్టంతా మట్టిరంగు. పిల్లలకు జీర్ణక్రియ పాఠం చెప్పే మేధావిని కదా, ఎరుపు పోతే ఎరుపే పెట్టాలని తీర్మానించి కొర్రల్లో ఎండుమిరప గింజలు కలిపాను. లాల్ కొర్రలన్నీ తిని, మిరపగింజలు ఒక్కొక్కటే నా మీదకి విసిరింది. (మూడోది కంట్లో పడింది. ఆ వైద్యంతో ఎరుపెక్కింది నా కన్నొక్కటే.)

మూడు నెలలకు ఖాలా తిరిగొచ్చి, సంచీ కింద పెట్టకుండానే పంజరంలోకి చూసింది.

"ఏందయ్యా ఇది? నా లాల్ యాడ?"

"ఇదే ఖాలా. దానంతటదే రంగు పోయింది."

"రంగు పోటానికి అదేమన్నా జాకెట్టు గుడ్డా?"

నేను పరుగున వెళ్ళి సాక్ష్యంగా ఈకలు తెచ్చి చూపించాను. ఆవిడ గుండె పట్టుకుంది. "అయ్యో అల్లా! ఈకలు గూడా పీకావా! చంపేసి, చేలో పిట్టను తెచ్చి పెట్టావు గదూ! ఎవురి బిడ్డో ఏమో ఇది, దీని తల్లి యాడ ఏడస్తందో," అంటూ పంజరం తలుపు తీసేసింది. లాల్ బట్టల తీగ మీద ఒక్క క్షణం కూర్చుని, మా ఇద్దరినీ చూసి, కాలవ వైపు వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి కిటికీలోకి టీ రాలేదు. టీ పోతే పోయింది, నమ్మి అప్పజెప్పిన మనిషి నన్ను చూసి మొహం తిప్పుకోవడం మింగుడు పడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను, అదే ఎవరూ నమ్మలేదు.

ఆషాఢంలో వానలు పడ్డాక సాయంత్రాలు కాలవ గట్టున తిరిగేవాణ్ణి. జమ్ము నిండా జినువాయిలే. ఒక్కో పుల్ల మీద నాలుగైదు, ఒంటికి ఒళ్ళు ఆనించుకుని కూర్చునేవి. చివరిది వాలగానే పుల్ల వంగి నీళ్ళను తాకేది, అన్నీ ఒక్కసారి లేచి, తెగిన పగడాల దండలా అవతలి జమ్ములో రాలేవి. తడిసిన గడ్డి వాసన, కంకుల్లోంచి జారే వెలుతురు, ఆ సన్నటి కూత... ఎందుకొచ్చానో కాసేపు నాకే గుర్తుండేది కాదు. అక్కడే కనబడింది, మట్టిరంగు వీపు మీద ఎర్రటి అతుకులతో, సగం మారిన పిట్ట ఒకటి. వానలొస్తే ఎరుపు తొడుక్కుని, పోగానే విప్పేసే జాతి అది! పరుగెత్తుకెళ్ళి ఖాలాను రమ్మన్నాను.

"నా మోకాళ్ళకు కాలవ దాకానా? నీ కతలకి ఓ దణ్ణం, పోవయ్యా."

నిజం చెల్లలేదు గనక, మర్నాడు నాకు చేతనైన పని చేశాను.

"ఖాలా, పొద్దున నీ కిటికీ మీద లాల్ వాలింది. ఎర్రగా ఉంది. మిషన్ వైపు చూసి, కూసి పోయింది."

మిషన్ ఆగింది. "మెడ వాల్చిందా?"

"వాల్చింది."

"యే పక్కకి?"

"కుడి పక్కకి," అన్నాను.

ఖాలా కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నా లాలే. నిన్ను ఊరికే అన్నానయ్యా." కాసేపటికి నా కిటికీలోకి టీ గ్లాసు వచ్చింది.

మాట ప్రకారం చెబుతున్నాను. రంగు మారడం నిజం, ఈకలు నిజం, కంట్లో పడ్డ గింజ నిజం. (కాకుల నీడ కూడా దాదాపు నిజమే.) కల్పించింది ఆ కిటికీ మీద వాలిన పిట్టనొక్కదాన్నే. ఇప్పుడు నా జుట్టు కూడా వెలిసింది, ఏ వానకూ దాని రంగు తిరిగి రాలేదు. అయినా ఏటా తొలివాన పడ్డ పొద్దున, ఆ పిట్టను నేనే అల్లానని తెలిసీ, కిటికీ రెక్క తీసిపెట్టి కూర్చుంటాను.