మేడమ్ విన్న ఏనుగులు

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున్న వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. మా ఊరు క్యారీలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లే మీలో చాలామంది ఆవిడను చూసే ఉంటారు. ఆఫ్రికా అడవుల్లోని ఏనుగుల మీద పరిశోధన చేసేవారని మాత్రం కొద్దిమందికే తెలుసు.

మా ఆయన ఉద్యోగం వల్ల వచ్చిన హెచ్-4 వీసా మీద నేను ఉద్యోగం చేసే వీల్లేక, ఆరేళ్ల క్రితం ఆవిడ దగ్గర వాలంటీరుగా చేరాను. అడవిలో చెట్లకు కట్టిన రికార్డర్ల శబ్దాలను ఆవిడ బేస్‌మెంట్‌లో కూర్చుని వినేవాళ్లం. వినేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేసేవారు. మళ్లీ పెట్టడం మరచిపోతే పాలు విరిగిపోయేవి. ఏనుగులు దూరాన ఉన్న తోటివాటిని పిలిచే గొంతు మన చెవికి అందదు. నాకేమీ వినిపించడం లేదన్నాను.

“చెవులతో కాదమ్మాయ్, స్పీకర్ మీద చెయ్యి పెట్టు” అన్నారు.

ఏ చప్పుడూ లేని గదిలో నా అరచేతి కింద స్పీకర్ అదిరింది.

ఆ చలికాలం వచ్చిన రికార్డింగులో తుపాకీ మోతలున్నాయి. ఆ తర్వాత మంద పిలుపులు ఆగిపోయాయి. ఒక్క ఏనుగు మాత్రం రోజూ అదే చోటికి వచ్చి పిలిచేది, జవాబు కోసం ఆగేది. ఇక ఆపేద్దామన్నాను.

“ఇది రెండు నెలల కిందటి గొంతు. ఇప్పుడది ఉందో లేదో. చివరిదాకా వినడమైనా మన వంతు” అన్నారు మేడమ్.

రికార్డింగులో పన్నెండో రోజు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

వేసవిలో ఆవిడ అక్కడికి వెళ్లారు. వేటగాళ్లకు దారి చూపింది ఆ ఏనుగులుండే పార్కు పక్క ఊరి రైతేనని తెలిసింది. అతని మొక్కజొన్న చేనును ఏనుగులు తొక్కేశాయి. టూరిస్టుల టికెట్ల డబ్బు ఆ ఊరికి పైసా రాదు. గార్డులకు తుపాకులు కొనిద్దామన్న దాతల మీటింగులో మేడమ్ లేచి, “ఏనుగు బతికుంటే ఆ రైతుకేం లాభమో ముందు చెప్పండి” అన్నారు. కొందరు అలిగి వెళ్లిపోయారు. మూడేళ్లు పట్టుబడితే టికెట్లలో ఊరికి వాటా వచ్చింది. ఆ రైతే కాపలా పనిలో చేరాడు. అతని మీద కోపం మాత్రం తనకు పోలేదని ఆవిడే చెప్పేవారు.

పోయిన నెల, మంచాన పడ్డ ఆవిడను చూడటానికి వెళ్లాను. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యెత్తి ఊరుకోమన్నారు. నేనూ వాళ్లబ్బాయీ ఊపిరి బిగబట్టాం. కిటికీ బయట పైన్ చెట్లలో ఒక్క ఆకూ కదలడం లేదు. మాకేమీ వినిపించలేదు. ఆవిడ మాత్రం, ఎవరో పిలిస్తే పలికినట్టు, మెల్లగా “ఆఁ” అన్నారు.