కరుణమ్మ పాసైన పరీక్ష

మా ఆవిడ కరుణమ్మ అల్లిన లేసుని, లేసులు కొనే రాజోలు ఏజెంటు వెనక్కి ఇవ్వడం అదే మొదటిసారి. బల్లగుడ్డకి వేసే అంచు అది. ఒక పువ్వుకి రేకులు ఎక్కువ, పక్కదానికి తక్కువ. చివరికొచ్చేసరికి పువ్వు ఆకారమే లేదు.

"అమ్మగారూ, ఇది మీ చేతిదేనా అండీ?" అన్నాడతను.

కరుణమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "నాదే బాబూ" అంది. కాసేపాగి నావైపు తిరిగి, "నాదేనాండీ?" అని అడిగింది.

నేను నవ్వి, కళ్ళజోడు మార్పించుకోమన్నాను.

ఇది ఎనభైల మొదట్లో, నాలుగైదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను మా ఊరి ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుని, మా క్రైస్తవ మందిరం కమిటీకి సెక్రటరీని. ఊళ్ళో నా మాటకి కొంత విలువుండేది. దానికి నేనిచ్చుకునే విలువ ఇంకా ఎక్కువ.

ఆ వేసవిలో కరుణమ్మ మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకునేది. గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బినట్టయింది. ఏదడిగినా జవాబు ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు వచ్చేది. ఒక ఆదివారం మందిరంలో, చిన్నప్పటి నుంచీ పాడుతున్న కీర్తన మధ్యలో ఆగిపోయి అలా నిలబడిపోయింది. అందరూ చూశారు. ఆవిడకేమైందో అనుకోవాల్సిన నేను, నన్ను ఎవరెవరు చూస్తున్నారో చూసుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఊరి ఆస్పత్రికి మద్రాసులో చదువుకున్న డాక్టరమ్మ గారొకరు వచ్చారు. ఆవిడ మా మందిరం కమిటీ ముందుకొచ్చి సాయం అడిగారు. "పెద్దవాళ్ళకి నెలకోసారి మెమరీ టెస్ట్ పెడతానండీ. బొమ్మల కార్డులు అచ్చు వేయించాలి, ఒక నర్సుకి జీతం, బస్సు ఖర్చులు కావాలి. డిమెన్షియా అనిపించినవాళ్ళలో కొందరికి వేరే జబ్బు కారణంగా ఉంటుంది. దాన్ని ముందే పట్టుకుంటే మందుంది."

కమిటీ ప్రెసిడెంటు ఏసుదాసు గారు పెద్దగా నవ్వారు. "మతిమరుపుకి పరీక్షేంటండీ బాబూ! నేను పొద్దున్న పళ్ళ సెట్టు ఎక్కడ పెట్టేనో మర్చిపోయేను. నాకూ డిమెన్షియాయేనా?"

"పరీక్ష పెడితే తెలుస్తుందండీ" అన్నారు డాక్టరమ్మ గారు. ఈసారి నవ్వింది మిగతా కమిటీ.

చివరికి, ముందు కమిటీ వాళ్ళ ఇళ్ళలోనే చేసి చూపించమన్నారు. పనికొస్తుందనిపిస్తే డబ్బిస్తారు. ప్రశ్నల కాగితాన్ని స్టెన్సిల్ కట్ చేసి స్కూల్లో కాపీలు తీసే పని నాకప్పగించారు. అలా ప్రశ్నలన్నీ ముందే నా చేతికొచ్చాయి.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పిల్లల చేత జవాబులు వల్లె వేయించడం నాకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మా స్కూలుకి ఏనాడూ చెడ్డ రిపోర్టు రాలేదు. అదే పని ఇంట్లోనూ మొదలుపెట్టాను. వంటింటి గడపలో కూర్చుని తేదీ, వారం, ప్రధానమంత్రి పేరు చెప్పించాను. డాక్టరు చెప్పే అయిదు మాటలు గుర్తుపెట్టుకుని కాసేపటి తర్వాత తిరిగి చెప్పాలి. వాటికి బాణీ కట్టి నేర్పాను: పడవ, గొడుగు, తాళం, నిమ్మకాయ, చిలక.

ఒకరోజు కరుణమ్మ చేతిలో చేట పక్కన పెట్టేసింది. "ఏవండీ, నాకు నిజంగానే ఏదో అవుతోందండీ. తల్లో దూది కూరినట్టుంది. డాక్టరమ్మ గారితో చెప్పుకుంటాను."

"చెబుదువుగాని. ముందు పాసవ్వు."

"పాసైతే ఇంక చెప్పడానికేముంటదండీ?"

నేను మళ్ళీ పడవ దగ్గర నుంచి మొదలుపెట్టించాను.

పరీక్ష రోజున పక్కనే కూర్చున్నాను. ఎక్కడైనా తడబడితే దగ్గాను. ఆవిడ అయిదు మాటలూ బాణీ తప్పకుండా అప్పజెప్పింది. డాక్టరమ్మ గారు ఒకసారి నావైపు చూశారు. నేను కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూశాను.

తర్వాతి మీటింగులో ఏసుదాసు గారు తేల్చేశారు. "మందిరంలో పాట మర్చిపోయిన మేస్టారు గారి ఆవిడకే ఫుల్ మార్కులొచ్చేయి. ఇంక ఈ పరీక్ష ఏం పట్టుకుంటదండీ?"

"ఆయ్, నిజమేనండీ" అన్నారందరూ. నేనూ తలూపాను. ఆ డబ్బుతో మందిరానికి మైకు సెట్టు కొన్నారు.

ఆ ఏడాది గడిచింది, మరుసటి వేసవీ గడిచింది. కరుణమ్మ కూర్చున్నచోటే నిద్రపోయేది. పొయ్యి మీద అన్నం మాడి గిన్నె నల్లబడేది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే నా సంగతి బయటపడుతుంది. వయసు అలాంటిదని అందరికీ చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను.

ఒక బుధవారం స్కూల్లో ఉండగా కబురొచ్చింది. వెళ్ళేసరికి కరుణమ్మ తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో బైబిలుతో, తాళం వేసున్న మందిరం మెట్ల మీద కూర్చునుంది. చెప్పుల్లేవు. చేతులు చల్లగా ఉన్నాయి.

"ఎవరూ రాలేదేంటండీ? ఆదివారం మార్చేసేరా?" అంది.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బల్లకి ఇవతల నిలబడే స్టెన్సిల్ సంగతి, బాణీ సంగతి, దగ్గుల సంగతి చెప్పేశాను. డాక్టరమ్మ గారు కరుణమ్మ మెడ తడిమి చూశారు. మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు. పాదం కదిలింది గాని వెనక్కి రావడానికి చాలాసేపు తీసుకుంది.

"థైరాయిడ్ అనుకుంటానండీ. కాకినాడ తీసుకెళ్ళండి" అన్నారు. చేతులు కడుక్కుంటూ, "ఆ రోజు ఆవిడ్ని రెండు మాటలు తప్పు చెప్పనిచ్చుంటే, ఈ మెడ అప్పుడే చూసేదాన్ని మేస్టారూ" అన్నారు.

ముక్తేశ్వరం రేవులో లాంచీ ఎక్కి కోటిపల్లిలో దిగి, బస్సులో కాకినాడ వెళ్ళాం. లాంచీలో నా భుజం మీద తల పెట్టుకుని, "ఎక్కడికండీ?" అని అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా చెప్పాను. అక్కడ రక్తం తీసి మద్రాసు పంపారు. రిపోర్టు వచ్చాక పెద్ద డాక్టరు గారన్నారు: "థైరాయిడ్ దాదాపు పనిచెయ్యడం లేదు. హైపోథైరాయిడిజం. మాత్రలు జీవితాంతం వాడాలి. మనిషి తేరుకుంటారు. కానీ ఆలస్యమైంది, జ్ఞాపకం ఎంత వెనక్కొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో గుండెదడ వచ్చి భయపడ్డాం. డోసు తగ్గించి, మళ్ళీ మెల్లమెల్లగా పెంచారు. మొహం వాపు తీసింది. ఒకరోజు దుప్పటి తన్నేసి, "ఇంత ఉక్కలో ఇది నా మీద ఎవరు కప్పేరండీ? చంపేద్దామనా?" అని కేకలేసింది. ఆ తిట్టు విని పెరట్లోకి పోయి ఏడ్చాను.

కానీ లేసు పూర్తిగా రాలేదు. చిన్న అంచులు అల్లుతుంది. పెద్ద పువ్వు మొదలుపెట్టి, మధ్యలో ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోతుంది.

కరుణమ్మకి అంతా చెప్పాను. "నేను ముందే చెప్పేను కదండీ" అంది, అంతే. తర్వాత కమిటీలో లేచి నిలబడి చెప్పాను.

"మీ పరువు కోసం మా చేత మైకు కొనిపించేరన్నమాట" అన్నారు ఏసుదాసు గారు. "మా అమ్మ కూడా నిరుడంతా దారి తప్పుతానే ఉంది మేస్టారూ. మీ ఆవిడ మార్కులు చూసి నేనూ పరీక్షకి పంపలేదు."

ఆ రోజే బొమ్మల కార్డులకీ నర్సు జీతానికీ డబ్బు మంజూరైంది. ఏసుదాసు గారి అమ్మగారిది మాత్రం మాత్రలతో నయమయ్యే జబ్బు కాదని తేలింది. ఇప్పుడాయన్నే గుర్తుపట్టడం లేదావిడ. ఆదివారం మైకులో ఆయన గొంతు వినిపించినప్పుడల్లా నేను తలెత్తలేను.

ఇప్పుడు నెలకోసారి మా ఊళ్ళో మెమరీ టెస్ట్ జరుగుతుంది. కాపీలు ఇంకా నేనే తీస్తున్నాను గాని, ఆ అయిదు మాటలు స్టెన్సిల్ మీద ఉండవు. డాక్టరమ్మ గారు గదిలోనే అప్పటికప్పుడు అనుకుని చెబుతారు. ఇంటివాళ్ళు బయట బెంచీ మీద కూర్చోవాలి.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మనిషిని డాక్టరు ఏదైనా అడిగినప్పుడు మీరు జవాబు అందించకండి. లేచి బయటికి రండి.

మొన్న కరుణమ్మ వంతు వచ్చింది. తలుపవతల నుంచి ఆవిడ మాట ఆగిపోవడం వినిపించింది. ఆ నిశ్శబ్దం సాగుతూనే ఉంది. దగ్గు నా గొంతు దాకా వచ్చింది. బెంచీ అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

కాసేపటికి బయటికొచ్చింది. "మూడే చెప్పేనండీ" అంది, కొంచెం భయంగా.

"మూడూ నువ్వే చెప్పేవు" అన్నాను. గుమ్మం పక్కనున్న ఆవిడ చెప్పులు తీసి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాను.