పాంపేయిలో కుక్క ఉన్న సందు

రోమన్ల కాలంలో పాంపేయి అనే ఊరిని అగ్నిపర్వతం బూడిదలో పూడ్చేసిందని మీరు చదివే ఉంటారు. అదే కొండ కింద నా పరువు ఎలా పూడిందో చెబుతాను, వినండి. కొండ మాత్రం పాపం ఆ రోజు ఏమీ చేయలేదు.

రెండువేల దశకం మొదట్లో, కొత్తగా పెళ్లయిన రోజులు. మేడ్చల్‌లో మా అత్తమ్మ వెళ్లే చర్చివాళ్లు ఇటలీ యాత్ర పెట్టుకుంటే ఆమెకు తోడుగా నన్ను పంపారు. మర్నాడు పొద్దున రోములో బైబిల్లోని పౌలు గారిని బంధించిన చెరసాల చూడాలి. అది ఆమె ఎన్నో ఏళ్ల కోరిక. పాంపేయి నుంచి బస్సు నాలుగింటికి కదులుతుందనీ, ఎవరి కోసమూ ఆగదనీ పాస్టరు గారు ముందే చెప్పారు.

గైడు ఇంగ్లిషు నాకు ముక్క అర్థం కాలేదు. ఆ మాట ఒప్పుకుంటే అల్లుడి హోదా ఏం కావాలి?

"గుంపుల ఎందుకత్తమ్మా, నేను జూపిస్త, రాండ్రి" అన్నాను.

"మల్లచ్చేటప్పుడు తొవ్వ యాదుంటదా బిడ్డా?"

"మాది కొంపల్లి అత్తమ్మా! గుర్తులు వెట్టుకునుడు నాకు నేర్పాల్నా?"

కొంపల్లిలో అడ్రసంటే పాన్ డబ్బా పక్క సందే కదా. పాంపేయిలో పాన్ డబ్బా లేదు. మూలమీద రాతి తొట్టి పక్కన ఒక గోధుమరంగు కుక్క, రెండువేల ఏళ్లుగా అక్కడే ఉన్నంత నిబ్బరంగా పడుకుని ఉంది. దాన్ని గుర్తు పెట్టుకుని కుడికి తిరిగాను. వచ్చేటప్పుడు కుక్క కనబడగానే ఎడమకు తిరిగితే సరి.

మూడింటికి వెనక్కి బయలుదేరాం. కుక్క కనబడింది, ఎడమకు తిరిగాం. ఇంకో మలుపులో మళ్లీ కుక్క. ఇందాకటిది వేరేదేమో, ఇదే అసలుది అనుకుని మళ్లీ ఎడమకు తిరిగాను. ఇలా ఎన్నిసార్లో అడక్కండి.

"బిడ్డా, గీ రొట్టెల పొయ్యి ఇందాక జూసినం గద?"

"రోమన్లు అన్ని ఒక్క తీర్గనే కట్టిన్రు అత్తమ్మా."

"గా పొయ్యి మీద నేను మర్షిపోయిన నీళ్ల సీస గూడ వాళ్లే కట్టిన్రా?"

అప్పుడు చూశాను. కుక్క ఆమె చేతిసంచికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. సంచిలో క్రిస్మస్‌కు చేసిన సకినాలు!

"దానికి ఆకలైతాందేమోనని పొద్దటిసంది ఏస్తున్న" అంది అత్తమ్మ.

ఇంకో సకినం కోసం అది ముందుకురికి మలుపులో కూర్చునేది. నేనేమో దాన్ని చూసి తిరిగేవాణ్ని. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారు. నేను తోకైనా పట్టుకోలేదు, కుక్కే నా తోకైంది.

నాలుగు కావడానికి ఇంకా పావుగంటే ఉంది. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గింత దూరమొచ్చి చెరసాల జూడకుండనే పోతనా కొడుకా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె కళ్లు తుడుచుకుని, సంచి కుక్క ముందు బోర్లించి దులిపింది. "అయిపోయినయి, పో!"

కుక్క వాసన చూసి, ఇక మీతో పనేముందన్నట్టు గబగబా నడిచింది.

"ఇగ జల్దీ దాని ఎంబడి నడువు. తిండి దొరికే కాడికే పోతది. పొద్దుగాల గేటు కాడ అందరు తినుకుంటనే ఉండిరి."

సరిగ్గా గేటు దగ్గరే తేలాం. బస్సు తలుపు మూయబోతున్నారు.

"ఇంత ఆలస్యమేందమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"మోకాళ్లు వట్టుకున్నయి సార్. అల్లుడే పట్టుకోని నడిపిచ్చిండు."

అబద్ధమంటే ఆమడ దూరం పోయే మనిషి నా పరువు కోసం అబద్ధమాడింది. ఆ క్షణాన ఆమె మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. మర్నాడు ఆ చెరసాలలో మోకరించినప్పుడు ఆమె మోకాళ్లు ఏమాత్రం నొప్పి పెట్టలేదు.

కానీ చేసిన పాపం ఒప్పుకోకుండా ఉండగలదా? తిరిగొచ్చాక మొదటి ఆదివారమే చర్చిలో మైకు పట్టుకుని, ఆడిన అబద్ధం ఎందుకు ఆడిందో మొదట్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. కుక్కకు మూడుసార్లు హల్లెలూయా పడింది. నాకు "అయ్యో పాపం" ఒక్కటే.

అక్కడే, చివరి బెంచీలో తల వంచుకుని ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణమున్న దేన్నీ ఇక అడ్రసుకు గుర్తు పెట్టుకోను. నా పరువు కాపాడే పని ఈ జన్మలో నిజాయితీపరులకు వదలను.