ఖాళీ కుర్చీలకు దీపం

ఆపరేటర్ బాబాయికి భయమంటే ఏమిటో తెలియదని సినిమా హాల్లో అందరూ అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లలో రీళ్లు తెగాయి, కరెంటు పోయింది, ఒకసారి క్యాబిన్‌లో మంటే లేచింది. "కూర్చోండయ్యా, రెండు నిమిషాల్లో బొమ్మ పడుద్ది!" అని కంతలోంచి ఒక్క కేక పెడితే ఈలలన్నీ ఆగిపోయేవి. అలాంటి మనిషికి బొమ్మ వేసే కొత్త మిషన్ వచ్చిన దగ్గర్నుంచి కంటి మీద కునుకు లేదు.

తెచ్చింది ఓనరమ్మ. తండ్రి పోయాక హాలు ఆమె చేతికొచ్చింది. ఇక రీళ్లు రావన్నారు, కొత్త మిషన్ కొనడానికి డబ్బు లేదు. అప్పుడొక ఫైనాన్సు కంపెనీ దారి చూపించింది. మిషన్ వాళ్లే బిగిస్తారు. పూర్తిగా ఆడిన ప్రతి షోకీ సినిమా పంపేవాళ్లు కొంత కడతారు, అది వాయిదాల కింద జమ. ఎన్ని షోలు ఆడాయో మిషనే కంపెనీకి చేరేస్తుంది. వాయిదాలు తప్పితే మిషన్ వెనక్కి పోతుంది, హామీ పెట్టిన ఇల్లూ పోతుంది. ఆ ఇంట్లో ఆమె ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన తల్లి. అది తలుచుకుంటూ బాబాయి ప్రతి మీటా కాలే పెనాన్ని తాకినట్టు తాకేవాడు.

మూడు నెలలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వేసినవి మూడొందల అరవై షోలు, పూర్తిగా ఆడినవి సున్నా. వాయిదా ఒక్కటీ పడలేదట.

"సున్నా ఏంటండీ? మా బాబాయ్ ఒక్క షో కూడా మధ్యలో ఆపడు. మీ మిషనే అబద్ధాలాడుతోంది!" ఓనరమ్మ ఫోన్లో విరుచుకుపడింది. పక్కనే ఉన్న బాబాయి గుండెల్లో రాయి పడింది.

ఆయన ఆపేవాడు మరి. కథ అయిపోయి తెర మీద పేర్లు పాకడం మొదలవగానే జనం లేస్తారు. ఆ క్షణంలో ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి మిషన్ ఆపి, దాని దీపం ఆర్పేస్తుంది. ఖాళీ కుర్చీలకు దీపం తగలెయ్యడం దేనికని పెద్ద ఓనరు నేర్పిన అలవాటు. కొత్త దీపం మరీ ఖరీదని విని, మహానుభావుడు ఇంకా శ్రద్ధగా ఆర్పాడు.

చెప్పేద్దామని రెండు రోజులు ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఓనరమ్మ చిన్నప్పుడు తన భుజమెక్కి కంతలోంచి సినిమాలు చూసిన పిల్ల. ఆ పిల్ల మొహం ఎలా మారిపోతుందో తలుచుకుని వెనక్కి తిరిగేవాడు.

మూడో రోజు మ్యాట్నీకి ముందు కంపెనీ మనిషి పనిముట్ల సంచితో దిగాడు. మిషన్ లెక్కలు చూసి, "రోజూ పేర్లు మొదలయ్యే చోటే ఎవరో ఆపేస్తున్నారండీ. చివరిదాకా ఆడకపోతే అది షో కిందికి రాదు" అన్నాడు.

"ఎవరాపుతారు?" అంది ఓనరమ్మ.

"నేనేనమ్మా. దీపం మిగులుద్దనుకున్నాను."

ఆమె కంపెనీ మనిషి వైపు తిరిగి, ఇప్పుడేం చెయ్యాలని అడిగింది. తనని నాలుగు తిట్లు తిట్టినా బాబాయికి ఊపిరి ఆడేది.

కంపెనీ మనిషి బయటికెళ్లి ఫోన్ చేసి, ఒక కాగితం రాసి తెచ్చాడు. ఇంకో మూడు నెలలు గడువు. ఒకటే షరతు, పాత ఆపరేటరు ఇక మిషన్ ముట్టుకోకూడదు. ఓనరమ్మ సంతకం పెట్టకపోతే మిషన్ ఇప్పుడే విప్పి పట్టుకెళ్తాడు.

బాబాయికి ఒకటే భయం. ఈ పిల్ల ఒప్పుకోదు, తన కోసం పోట్లాడి ఇల్లు పోగొట్టుకుంటుంది. ఆ పాపం తనకొద్దు. పెద్దవాడిగా తానే చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, సంతకం పెట్టెయ్. నా గురించి నువ్వేం..."

ఆమె అప్పటికే పెట్టేసింది. కలం మూత బిగిస్తూ, తలెత్తకుండా, "క్యాబిన్ తాళాలు ఇచ్చి వెళ్లు బాబాయ్" అంది.