కిటికీలోంచి వెళ్ళే పళ్ళెం

మా వీధి చివరింటి కోడలు మామగారిని ఇంట్లోంచి గెంటేసిందనీ, గేటు పక్కన పనిముట్లు పెట్టుకునే గదిలో పడేసి కిటికీలోంచి పళ్ళెం అందిస్తోందనీ ఈమధ్య ఒక మాట తిరుగుతోంది. ఎదురింటి దర్జీ ఆవిడ కళ్ళారా చూశానని ఒట్టు పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పళ్ళెంలో పాచిపోయిన కూడు కూడా చేరింది. ఇందులో గది నిజం, కిటికీ నిజం, పళ్ళెం నిజం. మిగిలిందంతా చెప్పినవాళ్ళు వడ్డించిందే. నేను స్వయంగా వెళ్ళి కనుక్కొచ్చాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ పెద్దాయన సంగతి. వీధంతా ఆయన్ని ముక్కాయన అంటుంది. ముక్కు పెద్దదని కాదు, అది చేసే పని పెద్దది. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని తేయాకు తోటలోకి వెళ్ళాడు. పెద్దయ్యాక ఫ్యాక్టరీలో ఆకు నలిపే యంత్రం దగ్గర పనిచేశాడు. నడివయసులో అది మానేసి, ఇంటి వెనక వాలు మీద సొంతంగా మొక్కలు పెట్టాడు. ఫ్యాక్టరీలో పదిమంది ఆకూ కలిపి పొడి చేసేస్తారు, ఎవరి మొక్కది ఏ వాసనో ఎవరికీ పట్టదు. ఆయనకు గిట్టనిది అదే. తన ఆకు తన చేత్తోనే టీ కావాలని పట్టు.

ఆయన చేసేది మనం పాలు పోసి మరిగించే నల్ల టీపొడి కాదు. మొగ్గనీ దాని కింది లేతాకుల్నీ గిల్లి తెచ్చి, వెదురు తట్టల్లో నీడన పరిచి వాడనిస్తారు. వాడిన ఆకును తట్టలోనే ఎగరేసి కుదుపుతారు. అంచులు నలిగి ఎర్రబడతాయి, నడుమ పచ్చగానే ఉంటుంది. అప్పుడు వాసన మారడం మొదలవుతుంది. ముందు కోసిన గడ్డి వాసన, తర్వాత పువ్వుది, ఆ తర్వాత పండిన పండుది. ఆ పండు వాసన వచ్చిన ఘడియలోనే ఆకును వేడి బాణలిలో వేసి, ఎర్రబడటం ఆపాలి. తొందరపడితే గడ్డి తాగినట్టుంటుంది. ఆలస్యమైతే మామూలు టీ అయి కూర్చుంటుంది. ఆ ఘడియ ఎప్పుడో చెప్పేది ఆయన ముక్కు. వానాకాలం ఆకు బలిసి చప్పగా ఉంటుందనీ, చలి వెళ్ళాక వచ్చే మొదటి చిగురులోనే సారమంతా ఉంటుందనీ అంటాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. వాడిపోతున్న ఆకు, పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చేసుకుంటుంది. అందుకని ఆకు గదిలోకి సెంటు, పౌడరు, తలనూనె, సిగరెట్టు, ఉల్లిపాయ తరిగిన చెయ్యి, ఏవీ రాకూడదని ఆయన పెట్టిన రూలు. వాళ్ళావిడ బతికున్నప్పుడు ఒకసారి కొత్త సబ్బుతో స్నానం చేసిందని గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. ఆమె నేరుగా మా ఇంటికొచ్చి కూర్చుని, "మా ఆయనకు కావాల్సింది పెళ్ళాం కాదు వదినా, వాసన లేని మనిషి," అని నవ్వింది.

కొడుకు సరుకుల వ్యాను నడుపుతాడు. అతనికి పండు వాసనకూ పెట్రోలు వాసనకూ తేడా తెలియదు. పని నేర్చుకున్నది కోడలే.

వాళ్ళ జల్లెడ ఒకటి మా ఇంట్లో ఉండిపోతే, అది ఇచ్చే నెపంతో వెళ్ళాను. కోడలు ఆకు గది గుమ్మంలో ఎదురొచ్చి, పలకరించకముందే గాలి పీల్చింది.

"పిన్నిగారూ, తలకేం రాశారు?"

"నూనె. తలకు నూనె కాక తారు రాస్తారా?"

"అయితే వరండాలోనే కూర్చోండి. లోపల ఆకు వాడుతోంది."

"నీ ఆకు కంటే మనిషి తక్కువా ఏంటే?"

"ఇవాళ్టికి తక్కువే పిన్నీ. కోపం తెచ్చుకోకండి, టీ ఇస్తాను."

మామను గెంటిన నోరు ఇదేనన్నమాట అనుకుంటూ కూర్చున్నాను. ఆమె రెండు కప్పులు తెచ్చింది, ఒక్కోటి కోడిగుడ్డు చిప్పంత. పాలు లేవు, చక్కెర లేదు. నీళ్ళకు కామెర్లు వచ్చినట్టున్నాయి.

"చుట్టానికి ఇంత పొదుపైతే ఎలాగే?"

"అదే ఆకులో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తాను కదా. మొదటిసారి ఆకు విచ్చుకుంటుంది, అంతే. అసలు రుచి రెండోసారీ మూడోసారీ. ముందు ఇది తాగండి."

తాగాను. గొంతు దిగకముందే తెలిసిపోయింది. మోకాళ్ళకు రాసుకునే నొప్పుల మందు వాసన. టీ తాగినట్టు లేదు, నడుముకు పట్టీ వేసుకున్నట్టుంది. ఆమె నా మొహం చూసి, ఆ కప్పు తీసేసి రెండోది చేతికిచ్చింది. ఇందులో పండు వాసన ఉంది. నాలుక మీద కాస్త వగరు, మింగాక తీపి. చక్కెర వెయ్యకుండా ఆ తీపి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"మొదటిది మామయ్యగారు కుదిపిన ఆకు," అంది గొంతు తగ్గించి.

ఆయన మోకాళ్ళు పట్టేసి చాలాకాలమైంది. పొద్దునా సాయంత్రం మందు పట్టిస్తే గానీ లేచి నిలబడలేడు. రోజూ రాసుకునే మనిషికి ఆ వాసన తెలియకుండా పోతుంది. ఊరందరి వాసనా పట్టిన ముక్కు, తన మోకాళ్ళ దగ్గర పనిచెయ్యలేదు. కోడలికి తెలుస్తూనే ఉంది గానీ పెద్దాయనతో అనడానికి నోరు రాలేదు. ఎండితే పోతుందేమోలే అని ఊరుకుంది. ఏటా టీ కొనే ఆయన కాచి తాగి చూసి, మొత్తం వెనక్కి పంపాడు. ఇంకోసారి ఇలా అయితే తను రానని కూడా చెప్పాడట. ఆయన రాకపోతే ఆకంతా ఫ్యాక్టరీకి తోలాల్సిందే, పదిమంది ఆకులో కలిసిపోవాల్సిందే. ఏది వద్దని పెద్దాయన ఆ మొక్కలు పెట్టాడో, మళ్ళీ అక్కడికే.

మందు మానేస్తే ఆయన నడవలేడు. మందుతో ఆకు దగ్గరికి రాకూడదు. ఆయన పడుకునే గదికీ ఆకు గదికీ మధ్య ఉన్నది సందులు పడిన చెక్క గోడ. అందుకని మంచం గేటు పక్క గదికి మారింది.

"మరి ఈ మాటే వీధిలో చెప్పొచ్చుగా? నిన్ను నానా మాటలూ అంటున్నారు."

"ఏమని చెప్పను పిన్నీ? ముక్కాయన చేతిలోనే ఆకు పాడైందనా? పోనీండి, నన్నే అననీండి."

అంటూనే లోపలికి వెళ్ళి, పళ్ళెంలో గుప్పెడు ఆకు పోసుకొచ్చి, వాకిలి దాటి, ఆ గది కిటికీలోంచి అందించింది. నేను ఆగుతానా, వెనకాలే వెళ్ళాను. ముక్కాయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఆకును వేళ్ళతో ఒత్తి, అంచులు వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇంకా పువ్వు దగ్గరే ఉంది. తట్టలు ఇంకోసారి ఎగరెయ్యి."

"సరే మామయ్యా," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ గుప్పెడు ఆకు మళ్ళీ లోపలికి వెళ్ళదు, మొక్క మొదట్లో పడుతుంది. పళ్ళెం కడిగి, చేతులు కడుక్కుని, మళ్ళీ ఇంకో గుప్పెడు తెస్తుంది. దర్జీ ఆవిడ కళ్ళారా చూసిన పళ్ళెం ఇదే.

ఇప్పటిదాకా ఆయన్ని ఎవరడిగినా "మా కోడల్నే అడగండి" అని మొహం తిప్పుకునేవాడు. ఆయన నోటితో వినకుండా నేను ఇల్లు చేరితే నాకు నిద్ర పట్టదు. కిటికీ ఊచలు పట్టుకుని సూటిగానే అడిగాను.

"అన్నయ్యగారూ, దాచకుండా చెప్పండి. మీ కోడలు మిమ్మల్ని గెంటిందా, మీరే వచ్చేశారా?"

"గెంటింది. గెంటక? నేనైతే మొదటి రోజే గెంటేవాణ్ణి. అది మొహమాటానికి పోయి చలి వెళ్ళాక వచ్చిన మొదటి చిగురంతా పాడుచేసుకుంది, దాని తప్పల్లా అదొక్కటే. వీధిలో ఇలాగే చెప్పు, నాకేం నామోషీ లేదు. ఇప్పుడు కాస్త అవతలికి జరుగు చెల్లెమ్మా, పళ్ళెం వచ్చే వేళైంది. నా మందు వాసన నాకు అలవాటే గానీ, నీ తలనూనె ముందు నాకు ఆకు వాసన తెలియడం లేదు."